సుందరరాజు గారి నంబరు

“రిటైరయ్యేది మీరు సరే, ఈ ఫోను ఎప్పుడు రిటైరవుద్దండీ?”

శ్రీమతి సువర్ణ గారు ఈ మాట అంటున్న సమయానికి నేను బందరు పరాసుపేటలోని వారి ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాను. వాదన చాలాసేపటి నుంచే నడుస్తున్నట్టుంది. వారి అబ్బాయి జేమ్స్ అప్పటికే పేపరు వెనక దాక్కున్నాడు. ఆదివారం కావడంతో గుడివాడ నుంచి భార్య బ్లెస్సీతో సహా వచ్చాడు. అందరూ చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోలేదు.

“కొత్త సిమ్ము తెచ్చి టేబుల్ మీద పెట్టాను నాన్నా,” అన్నాడు జేమ్స్ పేపరు దించకుండానే.

“చూశాన్రా.”

“చూస్తే సరిపోద్దా? పాతది తీసి అది వెయ్యాలి,” అన్నారు సువర్ణ గారు. నన్ను చూసి, “రా సుప్రియా, నువ్వే చెప్పు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే మెసేజి. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే మెసేజి. అది మోగినప్పుడల్లా ఇవాళ ఎవరు పోయారో అని నాకు గుండె జారిపోద్ది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పడ్డాను. ఇంకా ఎందుకంట?”

ఇంతలో వంటగదిలో ఇంకో ఫోను మోగింది. “కాదండీ, అల్లావుద్దీన్ గారు కాదండీ. ఐసు లోడు సంగతి నాకు తెలీదండీ,” అంటూ బ్లెస్సీ గరిటెతో బయటికొచ్చింది. పెళ్లయ్యాక ఆమె తీసుకున్న నంబరు అంతకుముందు ఎవరో ఐసు వ్యాపారిదట. ఆయనకి రావలసిన ఫోన్లు ఇప్పటికీ ఈ అమ్మాయికే వస్తుంటాయి.

“మీ అల్లావుద్దీన్ గారు బాగున్నారా?” అని జేమ్స్ వేళాకోళం చేశాడు.

“బాగానే ఉన్నారు. ఐసే రాలేదంట,” అంది బ్లెస్సీ.

అందరూ నవ్వారు. సుందరరాజు గారు నవ్వలేదు. కోడలి చేతిలోని ఫోను వైపు చూస్తూ ఉండి, కాసేపటికి నా వైపు తిరిగి, “సావనీరుకి ఫోటో కోసమా సుప్రియమ్మా? భోంచేసి తీసుకెళ్దువుగాని,” అన్నారు.

శ్రీ సుందరరాజు గారు 1994 ఆగస్టు ఎనిమిదవ తేదీన బందరులోని మన వ్యసన విముక్తి కేంద్రంలో క్షేత్ర కార్యకర్తగా చేరారు. ఈ నెలాఖరున సీనియర్ కౌన్సిలర్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసం ఆ తేదీతో మొదలుకావడం మర్యాద. దానికి ముందు వారి ఇంటి వాదనను తెచ్చినందుకు సహోద్యోగులు మన్నించాలి. కేంద్రంలోని మందుల కిటికీ వెనక కూర్చుని ఎన్నో ఏళ్లుగా వారిని చూస్తున్నదాన్ని. ఆ ఫోను గురించి చెప్పకుండా వారి ఉద్యోగ జీవితం గురించి చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

వారు పుట్టింది పామర్రు దగ్గర ఒక పల్లెలో. తండ్రి గారు ఆ ఊరి చర్చిలో ఉపదేశి. సాయంత్రాలు ఇంటింటికీ ప్రార్థనకు వెళ్లేటప్పుడు కొడుకును వెంట తీసుకెళ్లేవారు. ఎంత తెలిసినవాళ్ల ఇల్లయినా లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. సుందరరాజు గారు తండ్రి నుంచి నేర్చుకున్నది ఇదొక్కటేనని చెబుతుంటారు. సారా నిషేధం వచ్చిందని, ఇక తాగుడు అనే మాటే ఉండదని అందరూ సంబరపడుతున్న రోజుల్లో వారు ఉద్యోగంలో చేరి, సైకిలు మీద ముదినేపల్లి చుట్టుపక్కల చెరువు గట్లన్నీ తిరిగారు. చేపల చెరువుల కాపలాదారులు పాకల్లో ఒంటరిగా తాగి ఒంటరిగా రక్తం కక్కుకుంటున్న కాలమది. ఆ పాకలకు తలుపులు ఉండేవి కావు. అయినా ఆయన బయటే నిలబడి, “రావచ్చా అండీ?” అని అడిగేవారట. తమను ‘అండీ’ అని పిలిచినవారు ఆయనొక్కరేనని, మందు మానినా మానకపోయినా ఆ మాట కోసమే ఎదురుచూసేవాళ్లమని, ఆనాటి కాపలాదారు సూరయ్య మందుల కోసం వచ్చినప్పుడల్లా నాతో అనేవాడు.

అనంతరం వారు గుడివాడలో ప్రతి బుధవారం జరిగే మన వారపు క్లినిక్ బాధ్యత స్వీకరించారు. అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి కొత్తగా చేరిన డాక్టరు గారు బల్ల మీద రోగుల మధ్య కూర్చున్న సుందరరాజు గారిని చూసి, రోగి అనుకుని లోపలికి పిలిచి, కాలేయం బొమ్మ చూపించి, బ్రాందీ వల్ల కలిగే అనర్థాలన్నీ ఓపికగా వివరించారు. రోగుల ముందు డాక్టరు మాటకు అడ్డురావడం ఇష్టంలేక ఈయన చేతులు కట్టుకుని ఆసాంతం విని, “తప్పకుండా మానేస్తానండి,” అని మాట ఇచ్చారు. ఆ రోజు నేనూ గుడివాడలోనే ఉన్నాను. చీటీ నా చేతికి వచ్చింది.

“ఇదేంటి సార్, మీ పేరుంది?”

“ఇచ్చెయ్యమ్మా. ఆయన రాసిన మొదటి చీటీ. వెనక్కొస్తే చిన్నబుచ్చుకుంటారు.”

ఆ మాత్రలు ఆయన జేబులో చూసి సువర్ణ గారు ఇంట్లో ఎంత గొడవ చేశారో, జన్మలో చుక్క ముట్టని మనిషి ఎన్ని ప్రమాణాలు చేయవలసి వచ్చిందో మన వార్షికోత్సవాల్లో చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ గుడివాడ క్లినిక్ ఇప్పుడు లేదు. ఆ బల్ల మాత్రం బందరు తెచ్చి వరండాలో వేశారు.

బందరులో కౌన్సిలర్‌గా వచ్చాక వారి పద్ధతులే క్రమంగా మా అందరి పద్ధతులయ్యాయి. మొదటి రోజు ఎందుకు తాగుతున్నావని అడగరు. పదిమందిలో పేరు పెట్టి పిలవరు. బజారులో ఎదురుపడితే రోగి పలకరిస్తే తప్ప తాము పలకరించరు. ఇంకో అలవాటు కూడా ఉండేది. అది కేంద్రం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. మన దగ్గరికి వచ్చేవాళ్లకు ఫోను ఉండదు. ఉన్నా అది ఏ బ్రాందీ షాపులోనో తాకట్టులో ఉంటుంది. అందుకని చీటీ మీద నంబరు దగ్గర వెంట వచ్చినవాళ్ల నంబరు రాసేవాళ్లం. భార్య అప్పటికే పుట్టింటికి వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి వెంట వచ్చేది చాలావరకు అక్కో చెల్లెలో. ఆ నంబరుకు ఫోను చేయాలంటే సుందరరాజు గారే చేసేవారు. అవతల ఎత్తింది ఎవరో తెలుసుకుని, ఆ అమ్మాయి కాకపోతే, “టైలరు షాపు నుంచండీ, జాకెట్లు కుట్టడం అయిపోయింది,” అని పెట్టేసేవారు. బందరులో అన్ని జాకెట్లు కుట్టే టైలరు ఎవరని మేం ఏడిపించేవాళ్లం.

తర్వాత ప్రభుత్వం వారి పోర్టల్ వచ్చింది. దాని ఉద్దేశం మంచిది కాదని నేను అనను. ఏ ఊళ్లో ఏ మత్తు పెరుగుతోందో, ఎక్కడికి ఎన్ని మాత్రలు పంపాలో పైవారికి తెలియాలంటే లెక్క ఉండాలి. ప్రతి రోగి వివరాలూ కంప్యూటరులో ఎక్కించాలని ఆదేశం వచ్చినప్పుడు, మన డేటా ఆపరేటర్ తబ్రేజ్ పాత చీటీలన్నీ ముందేసుకుని వేళ్లు నొప్పి పుట్టేదాకా ఎక్కించాడు. నంబరు గడిలో ఎప్పటిలాగే వెంట వచ్చినవాళ్ల నంబరు పెట్టాడు. అందరం చూశాం, అందరికీ సబబుగానే తోచింది. తేడా ఒక్కటే. ఇన్నాళ్లూ ఆ నంబరుకు ఫోను చేసింది సుందరరాజు గారు. ఇకమీదట మెసేజి పంపేది పోర్టల్. దానికి టైలరు షాపు సంగతి తెలియదు.

ఇక్కడి నుంచి నేను రాసే పేర్లు అసలు పేర్లు కావు. ఊరి పేరు కూడా రాయను. సుందరరాజు గారి గురించి రాస్తూ ఆ మాత్రం నియమం పాటించకపోతే ఈ సన్మానానికి అర్థం ఉండదు.

దీవిసీమ నుంచి మోహన్ అనే అబ్బాయి వచ్చేవాడు. పడవ మీద పని. చెల్లెలు హాసిని తన పెళ్లికి ముందు అతన్ని వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. మోహన్ ఇక్కడ చికిత్సలో ఉండగానే హాసినికి గుడివాడ సంబంధం కుదిరింది. అన్నయ్య ఎక్కడని పెళ్లివారు అడిగితే చెన్నైలో కంపెనీ పనికి వెళ్లాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. అతను బయటికొచ్చి, మందు మాని, చెల్లెలి పెళ్లిలో తెల్ల చొక్కాతో అందరికీ వడ్డించాడు. తర్వాత మాత్రల కోసం నా కిటికీ దగ్గరికి వచ్చి, “మేడం, నాలుగు రకాల కూరలు వడ్డించానండీ, ఒక్కరూ నా మొహంలోకి అనుమానంగా చూళ్లేదు,” అన్నాడు. ఆ అబ్బాయి అంత గర్వంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

హాసిని వాళ్లు కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజున హాలు నిండా బంధువులు. ఆ అమ్మాయి ఫోను గోడకి చార్జింగులో ఉంది. మోగితే భర్త శివ, గ్యాసు బండ తాలూకు మెసేజేమో అనుకుని పైకి చదివాడు. “మోహన్ గారూ, వ్యసన విముక్తి కేంద్రంలో మీ తదుపరి చికిత్స గడువు దాటినది. వెంటనే సంప్రదించగలరు.” సగం చదివాక అతనికే అర్థమై ఆగిపోయాడట. కానీ వినవలసినవాళ్లందరూ అప్పటికే విన్నారు.

ఎవరూ హాసినిని కొట్టలేదు, తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. అత్తగారు మాత్రం అప్పుడప్పుడు, “చెన్నై నుంచి ఫోనొచ్చిందా అమ్మాయ్?” అనేది. కొన్నాళ్లకు ఇవేమీ తెలియని మోహన్ చెల్లెల్ని చూడటానికి చేపలు పట్టుకుని వచ్చాడు. భోజనానికి కూర్చోబెట్టారు. “చెన్నైలో సాంబారు బాగుంటదంటగా బాబూ? ఎంతైనా ఆస్పత్రి సాంబారులాగా ఉండదులే,” అంది ఆవిడ. అందరూ నవ్వారు. అతను చెల్లెలి మొహం చూసి, సగం విస్తట్లో చెయ్యి కడుక్కుని, అవనిగడ్డ బస్సు ఎక్కేశాడు. మళ్లీ మన కేంద్రానికి రాలేదు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. అతని పేరు మీద కట్టి ఉంచిన మాత్రల పొట్లాన్ని నేను చాలాకాలం అల్మరాలోంచి తీయలేకపోయాను.

కబురు తెలిసి సుందరరాజు గారు ఆ ఊరు వెళ్లారు. అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడ్డారు. మోహన్ తల్లి లోపలికి రమ్మనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు.

“ఆ మెసేజి ఎవరు పంపారు బాబూ?” అని మాత్రం అడిగింది.

“ఎవరూ పంపలేదమ్మా. అదే వెళ్లింది.”

“అదే ఎట్లా వెళ్తది? ఎవరో ఒకరు పంపాలిగా.”

ఆయన తిరిగొచ్చి ఆ మాట నాకు చెప్పి, వరండాలో ఆ గుడివాడ బల్ల మీద చాలాసేపు కూర్చున్నారు.

తర్వాత జరిగిన సమీక్షా సమావేశంలో వారు లేచి, నంబరు గడిని ఖాళీగా వదిలే అవకాశం ఇవ్వమని వినయపూర్వకంగా కోరారు. అది వీలుకాదన్నారు. నంబరు లేకపోతే పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే రోగి లెక్కలోకి రాడు, రోగి లెక్కలోకి రాకపోతే మాత్రలు రావు. కేంద్రం ఫోను నంబరు ఇద్దామంటే, కేంద్రం నంబరును రోగి నంబరుగా పోర్టల్ తీసుకోదు. మర్నాడు సుందరరాజు గారు తబ్రేజ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంట్లో తెలిస్తే ప్రమాదం ఉన్న ప్రతి పేరు దగ్గరా పాత నంబరు తీయించి తమ సొంత నంబరు పెట్టించారు. మోహన్ పేరు దగ్గర కూడా అదే పెట్టించారు. పోర్టల్లో మరణం నమోదు చేయాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ఆ తల్లి దానికోసం పంచాయతీ ఆఫీసుకి వెళ్లలేదు. వెళ్లమని ఈయన అడగలేకపోయారు. కాబట్టి మోహన్ నేటికీ చికిత్సకు రాకుండా పోయిన రోగి. కనీసం ఆ మెసేజిలైనా హాసినికి వెళ్లకుండా ఆగాయి.

“ఏంటండీ సుందరరాజు గారూ, జిల్లాలో తాగేవాళ్లందరి ఫోనూ మీ జేబులోనే ఉందా?” అని మరుసటి సమీక్షలో ఒక అధికారి అడిగితే సభ గొల్లున నవ్వింది. ఈయన కూడా నవ్వి కూర్చున్నారు. ఇదంతా సావనీరులో రాయవచ్చా అని మొన్న నేను అడిగితే, “రాయమ్మా, రిటైరైనవాడికి మెమో ఎక్కడ అంటిస్తారు?” అన్నారు.

అప్పటి నుంచి ఆ మెసేజిలన్నీ వారికే వస్తున్నాయి. వచ్చిన ప్రతి పేరుకూ ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్లారు. ఒకరు హైదరాబాదు వెళ్లిపోయారు, ఒకరు మళ్లీ మొదలుపెట్టారు, ఒకరు పోతే ఇంటి ముందు అప్పుడే షామియానా వేస్తున్నారు. ఇదివరకు నడివయసు వాళ్లు బ్రాందీ కోసం వచ్చేవారు. ఇప్పుడు మీసాలు రాని పిల్లలు గంజాయితో, నొప్పి మాత్రలతో వస్తున్నారు. కంప్యూటరు చూడగానే, “పేరు ఎక్కిస్తారా?” అని వెనక్కి తిరుగుతున్నారు. వచ్చేవాళ్లు తగ్గారు కనుక పోర్టల్లో మన రోగుల సంఖ్య చూపే గీత కిందికి దిగింది. గీత కిందికి దిగినందుకు నిరుడు మన కేంద్రానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని అద్దం కట్టించి వరండాలో, ఖాళీ బల్లకు పైన తగిలించారు. సుందరరాజు గారి స్థానంలో ఎవరినీ వేయడం లేదని కూడా మొన్ననే ఉత్తర్వు వచ్చింది. ఇంత తక్కువమంది రోగులకు కౌన్సిలర్ అవసరం లేదట.

ఇంకొక్క మాట. ఈ వ్యాసం కోసం వారి పేరు పోర్టల్లో ఎక్కడైనా ఉందేమోనని తబ్రేజ్‌ను వెతకమన్నాను. ఉంది. ఉద్యోగుల్లో కాదు. గుడివాడ డాక్టరు గారు రాసిన ఆ చీటీ కూడా పాత చీటీలతో పాటు ఎక్కింది. సుందరరాజు, పామర్రు, మద్యం, చికిత్స మధ్యలో మానివేసినారు. వారి జీవితకాలపు సేవ గురించి అందులో ఉన్నది ఇంతే.

ఇటువంటి వ్యాసాన్ని ఆయురారోగ్యాల ఆకాంక్షతో ముగించడం రివాజు. సుందరరాజు గారు మోకాళ్ల నొప్పులు తగ్గి, కంటి చూపు నిలిచి, సువర్ణ గారి వంట తింటూ, మనవల్ని ఎత్తుకుంటూ చిరకాలం ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఇది మర్యాద కోసం రాస్తున్న వాక్యం కాదు. ఎందుకు కాదో ఆ ఆదివారం భోజనాల దగ్గర జరిగింది చెబితే మీకే తెలుస్తుంది.

అందరం కూర్చున్నాం. సువర్ణ గారు బొమ్మిడాయిల పులుసు వడ్డిస్తుండగా ఫోను మోగింది. సుందరరాజు గారు ఎడమ చేత్తో తీసి చూసి పక్కన పెట్టారు.

“ఎవరిది?” అన్నారు సువర్ణ గారు.

“మోహన్ది.”

గరిటె కాసేపు గిన్నెలోనే ఉండిపోయింది.

“ఆ పిల్లాడు పోయి ఎన్నాళ్లయింది నాన్నా,” అన్నాడు జేమ్స్ మెల్లగా. “ఆ పేర్లన్నీ తీసేయమని చెప్పొచ్చుగా ఆఫీసులో?”

“ఎక్కించడానికే గాని తీయడానికి లేదు,” అన్నాను నేను. “ఈ నంబరు తీయాలంటే ఇంకో నంబరు ఇవ్వాలి. ఎవరిదిస్తాం?”

“అయితే సిమ్ము తీసి అవతల పడేస్తే సరి. మెసేజిలు ఎక్కడికి పోతే మనకేంటి?” అన్నారు సువర్ణ గారు.

సుందరరాజు గారు కోడలి వైపు తిరిగారు. “అమ్మా బ్లెస్సీ, ఆ అల్లావుద్దీన్ గారి గురించి నీకేం తెలుసు?”

బ్లెస్సీ నవ్వింది. “అన్నీ తెలుసు మావయ్య గారూ. ఆయనకి షుగరుంది, ఇన్సులిన్ షాపువాళ్లు ఫోను చేస్తారు. వాళ్లమ్మాయి సబీనాకి సంబంధాలు చూస్తున్నారు, అబ్బాయి తరపువాళ్లు ఒకసారి నాతోనే మాట్లాడేశారు. తమ్ముడితో మాటల్లేవు...” అంటూ ఆమెకే ఏదో తోచి ఆగిపోయింది.

“ఆయన్ని నువ్వెప్పుడైనా చూశావా?”

“లేదండీ.”

“నీ తప్పేం లేదు. నువ్వు కొత్త సిమ్ము కొనుక్కున్నావ్, అంతే.” ఆయన పళ్లెంలోకి చూస్తూ మాట్లాడారు. “ఈ నంబరు మనం వదిలేస్తే కొన్నాళ్లకి ఎవరికో ఇస్తారు. ఆ పేర్లన్నీ అక్కడికి వెళ్తాయి. ఆ తీసుకున్నాయన మంచివాడే అవ్వొచ్చు. హాసిని భర్త శివ కూడా మంచివాడే.”

సువర్ణ గారు గరిటె గిన్నెలో వదిలేసి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన పక్కన కూర్చున్నారు.

“అందుకని ఈ సిమ్ము తియ్యను,” అన్నారు సుందరరాజు గారు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. “నేను పోయాక కూడా తియ్యించకండి. ఎవరో ఒకరు రీచార్జి చేస్తూ ఉండండి. మెసేజి వస్తే చదవక్కర్లేదు. మన ఇంట్లోనే ఉండనివ్వండి.”